తప్పు ప్యాడిల్‌ది

"...అంచు దగ్గర మోత వేరుగా ఉందంటున్నాను. మీకు వినపడటం లేదా అల్లుడుగారూ?"

"నిన్న కూడా ఇదే మోత మామయ్యగారూ. నిన్న బ్రహ్మాండంగా ఉందన్నారు."

"నిన్న దాచిపెట్టింది."

"ఎవరు?"

"ఇదే. ఈ ప్యాడిల్."

ముందు కౌంటరు దగ్గర పికిల్‌బాల్ బ్యాట్ పట్టుకుని మా ఆయనతో వాదిస్తున్నది మా బాబాయి. మా ఆయన మాట్లాడటం మానేశాడంటే పళ్ళు కొరుకుతున్నాడని అర్థం. నేను మా ఆటసామాన్ల దుకాణం వెనక గదిలో, చెంపకి తడిగుడ్డ ఆనించుకుని, ఒక చేత్తో బంతుల డబ్బాలు సర్దుతున్నాను. పళ్ళు కొరికే అదృష్టం నాకు లేదు. కింది దవడలో ఒక పన్ను పుచ్చి, చాలా రోజులుగా అదే నన్ను కొరుకుతోంది.

మా బాబాయి జన్మలో ఏ మనిషినీ తప్పుపట్టలేదు. లోకంలో జరిగే ప్రతి పొరపాటుకీ ఆయన దగ్గర ఒక వస్తువు సిద్ధంగా ఉంటుంది. పిన్ని కూరలో రెండుసార్లు ఉప్పు వేస్తే తప్పు చెంచాది, దాని లోతు ఎక్కువ. పాలు పొంగిపోతే స్టవ్‌ది. పక్కింటాయన కారు వెనక్కి తీస్తూ మా ప్రహరీ గోడను గుద్దితే, బాబాయి గోడ చుట్టూ తిరిగి చూసి, అది మొదటి నుంచీ రోడ్డు మీదికి ఒరిగి ఉందని తేల్చి, పక్కింటాయన్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు.

పిన్నికి ఇది పెద్ద బాధ. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా మొగుడితో తృప్తిగా పోట్లాడలేకపోయానని అందరికీ చెప్పుకుంటుంది. "పోట్లాడదామని వెళ్తే మనిషి దొరకడు. సామాను దొరుకుతుంది" అంటుంది. ఒకసారి కోపమొచ్చి కావాలనే గ్లాసు నేలకేసి కొట్టిందట. బాబాయి వంగి ముక్కలు ఏరుతూ, ఈ కంపెనీ గ్లాసులకి అడుగు బరువు తక్కువ, చేతిలో నిలవవు అన్నాడట.

నాకు సైకిల్ నేర్పింది ఆయనే. మొదటి రోజు పడి మోకాలు చీరుకుంటే, నన్నేమీ అనలేదు. సైకిల్‌ని తీసుకెళ్ళి కరెంటు స్తంభానికి గొలుసుతో కట్టేసి, బుద్ధొచ్చేదాకా అక్కడే ఉండమన్నాడు. నేను లెక్కల్లో తప్పితే స్కూలుకొచ్చి నా బల్ల కొలిచాడు. ఒక కాలు పొట్టిగా ఉందని హెడ్మాస్టరుతో వాదించి బల్ల మార్పించాడు. కొత్త బల్ల మీద కూర్చుని మళ్ళీ తప్పాను. ఆయన ఈసారి కిటికీ వైపు అనుమానంగా చూశాడు.

ఉద్యోగం కూడా ఈ గుణానికి తగ్గదే దొరికింది. లేక ఉద్యోగమే ఈ గుణాన్ని అంటించిందో మాకు తెలియదు. ఫ్యాక్టరీల్లో ప్రమాదం జరిగితే వెళ్ళి కారణం తేల్చే ఇన్స్పెక్టరు ఆయన. ప్రెస్సు కింద ఒకడి చెయ్యి పోతుంది. బెల్టులో చొక్కా చిక్కుకుని ఒకడు ఇక ఇంటికి రాడు. బాబాయి వెళ్ళేసరికి యాజమాన్యం దగ్గర ఒకటే మాట ఉండేది, పనివాడి అజాగ్రత్త అని. బాబాయి ఆ మాట మర్యాదగా వినేవాడు. తరవాత చొక్కా చేతులు మడిచి మెషీన్ విప్పడం మొదలుపెట్టేవాడు. సాయంత్రానికి వదులైన బోల్టో, అరిగిన గార్డో, పనిచెయ్యని స్విచ్చో దొరికేది. ఆ కుటుంబానికి రావలసింది వచ్చేది. దొరకని రోజంటూ లేకపోవడంతో, వదులు బోల్టులు ఆయనే జేబులో వేసుకుని వెళ్తాడని తోటి ఆఫీసర్లు చెప్పుకునేవారు.

అడిగితే బాబాయి ఒకటే చెప్పేవాడు. ముందు మెషీన్ని పూర్తిగా విప్పి చూడాలి, మనిషి దగ్గరికి ఆఖర్న రావాలి. ఆయన సర్వీసు మొత్తంలో ఆ ఆఖరు దాకా వెళ్ళే అవసరం రాలేదు.

ఇక పళ్ళ డాక్టరుగారి సంగతి. మా వెనక వీధిలో ఆయన క్లినిక్. నా పాలపళ్ళు పీకింది ఆయనే, ఎగుడుదిగుడు పళ్ళకి తీగ కట్టిందీ ఆయనే. సన్నగా, పొడుగ్గా ఉంటారు. సూది గుచ్చారని తీసేశాక గాని తెలియదు, అంత తేలిక చెయ్యి. భార్య పోయాక క్లినిక్, సాయంత్రం ఆట, ఈ రెండే ఆయనకి మిగిలాయి. బాబాయీ ఆయనా ఒకరినొకరు "డాక్టరూ", "ఇన్స్పెక్టరూ" అనే పిలుచుకుంటారు. రిటైరయ్యాక బాబాయి పొద్దున పూటంతా ఆ క్లినిక్ ముందుగదిలోనే పేపరు చదువుతూ గడిపేస్తాడు. సాయంత్రం ఇద్దరూ కలిసి ఇండోర్ హాల్లో పికిల్‌బాల్ డబుల్స్ ఆడతారు.

ఆట తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. షటిల్ కోర్టంత కోర్టు, నడుమెత్తు నెట్టు, చిల్లుల ప్లాస్టిక్ బంతి, చేతిలో టేబుల్ టెన్నిస్ బ్యాట్‌కి పెద్దన్నలాంటి ప్యాడిల్. నెట్టుకి రెండు వైపులా కొంత జాగాని కిచెన్ అంటారు. అందులోకి అడుగుపెట్టి గాల్లో బంతిని కొట్టకూడదు. డబుల్స్‌లో నలుగురూ దాని గీత దగ్గర నిలబడి, బంతిని నెట్టు మీదుగా నిద్రపోతున్న పసిపాపని మంచం మీదికి దించినట్టు దించాలి. ఎవరి బంతి కాస్త పైకి లేచిందో వాళ్ళ పని అయిపోయినట్టే, అవతలివాడు పొట్టలోకి బాదేస్తాడు. డాక్టరుగారు దించితే బంతి చప్పుడు కూడా చేసేది కాదు. బాబాయికి ఆట రాదు. వెనకాల పరిగెత్తి, తగిలితే కొట్టి, తగలకపోతే బంతి చిల్లుల్లోకి అనుమానంగా చూసేవాడు. అయినా రిటైర్డ్ లెక్చరరూ ఆయన తోడల్లుడూ కలిసి వీళ్ళని ఓడించినట్టు ఎవరికీ జ్ఞాపకం లేదు.

అలాంటిది ఒక సాయంత్రం బాబాయి కింది పెదవికి కుట్లతో మా దుకాణానికొచ్చాడు. పెదవి వాచి, మాట పక్కకి పోతోంది. కప్పు అంచు విరిగి ఉంది, చూసుకోలేదన్నాడు. ఏ కప్పు అని అడిగితే పారేశానన్నాడు. ఇంట్లో కప్పులన్నీ సరిగ్గానే ఉన్నాయని పిన్ని తరవాత చెప్పింది. బాబాయి ఆ మాట దాటేసి, డాక్టరుకి డబుల్స్ ఆడటానికి ప్యాడిల్ కావాలి, మీ దగ్గరున్నవాటిలో మేలైన రకాలన్నీ ఒక్కొక్కటీ చూడాలి అన్నాడు.

మా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. ఖరీదైన ప్యాడిల్ కొనేముందు ట్రయల్‌కి ఇస్తాం. నాలుగు ఆటలు ఆడి చూసి, నచ్చితే కొనుక్కోవచ్చు, లేకపోతే తిరిగివ్వొచ్చు. ఈ పద్ధతి పెట్టింది మా ఆయనే. పెట్టినప్పుడు ఆయన మనసులో బాబాయి లేడు.

మొదటిది బరువున్న ప్యాడిల్. బాబాయి మర్నాడే తెచ్చిచ్చాడు. బరువంతా తలలోనే ఉందట, అందుకే డాక్టరు దించినా బంతి లేస్తోందట. తేలికది ఇచ్చాం. దానికి నిలకడ లేదు, బంతికి భయపడుతోంది. పలచనిది ఇచ్చాం. బంతిని మింగడం లేదు, కక్కేస్తోంది. డబుల్స్‌కి వెడల్పు ముఖమూ, లోపల మందపాటి గుజ్జూ ఉన్నది మెత్తగా ఆడుతుందని మా ఆయన ఓపిగ్గా బోధించి ఇచ్చాడు. అది బాగానే ఉందిగాని పిడి పొట్టి. పొడుగు పిడిది తీసుకెళ్ళి, పిడి లావు అని తెచ్చాడు. సన్నటి పిడిది తీసుకెళ్ళి, చెమటకి తిరుగుతోందని తెచ్చాడు. తెచ్చిన ప్రతిసారీ ఒకటే తంతు. ముఖం మీద వేలి కణుపుతో తట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడు. అంచు వెంబడి బొటనవేలు నడుపుతాడు. పిడి వాసన చూస్తాడు. తరవాత తీర్పు.

మిగతా కొనేవాళ్ళకి ట్రయల్ ప్యాడిళ్ళు మిగల్లేదు. మా ఆయన విసిగి, ఒక మనిషికి ఒక్కసారే ట్రయల్ అని బోర్డు రాయించి గోడకి తగిలించాడు. బాబాయి దాన్ని శ్రద్ధగా చదివి, మేకు వంకరగా ఉంది, అందుకే బోర్డు ఇలా కోపంగా కనిపిస్తోంది అన్నాడు.

ఈ మధ్యలోనే నా పన్ను. డాక్టరుగారు చూసి, లోపల నరం దాకా పోయింది, నేనే శుభ్రం చేసి కాపాడతానమ్మా అన్నారు. చెప్పిన రోజుకి వెళ్తే ముందుగదిలో బాబాయి లేచి ఎదురొచ్చి, కంప్రెసర్‌కి ప్రెషర్ రావడం లేదు, డ్రిల్లు తిరగదు అన్నాడు. లోపల డాక్టరుగారు నొచ్చుకుంటూ, మెషీన్ల సంగతి ఇన్స్పెక్టరుకి వదిలేశాను, మెకానిక్కుని పిలుస్తున్నాడు అని, మాత్రలు రాసిచ్చారు. మళ్ళీ వెళ్తే మళ్ళీ కంప్రెసరే. ఇంకోసారి కుర్చీ వెనక్కి వాలనంది. నాలాంటివాళ్ళు ఆ గదిలో ఇంకా ఉన్నారు. బాబాయి అందరికీ పక్క వీధి డాక్టరమ్మ పేరు చెప్పి, ఆమె ఈయన దగ్గర పని నేర్చుకున్నదే, ఆమె మెషీన్ కొత్తది అని పంపించేస్తున్నాడు. నన్నూ వెళ్ళమన్నాడు. నేను వెళ్ళలేదు. పాలపళ్ళ నాటి నుంచి చూసిన మనిషి, కాపాడతానని మాటిచ్చిన మనిషి, నేను వేరే చోట నోరు తెరిచానని తెలిస్తే ఏమనుకుంటారు? ఒక పక్కనే నములుతూ, రాత్రిళ్ళు గోడవైపు తిరిగి మూలుగుతూ, మెకానిక్కు కోసం ఎదురుచూశాను.

మొదట చెప్పిన రోజు దుకాణంలో జరుగుతున్నది ఈ ప్యాడిళ్ళ గొడవే. నేను ముందుకొచ్చేసరికి బాబాయి ప్యాడిల్ అంచు దగ్గరగా చూడటానికి జేబులోంచి కళ్ళజోడు లాగుతున్నాడు. దాంతోపాటు నల్లటి గుండ్రని ముక్క ఒకటి వచ్చి, కౌంటరు అద్దం మీద దొర్లి, మా ఆయన ముందు ఆగింది.

మా ఆయన దాన్ని తీసి చూశాడు. బంతుల్లో గాలి నింపడానికి మా దగ్గరా చిన్న కంప్రెసర్ ఉంది. ప్రెషర్ పెంచే నాబు ఏదో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇది క్లినిక్‌ది కదా. మీ జేబులో ఎందుకుంది?"

బాబాయి కళ్ళజోడు పెట్టుకున్నాడు, తీశాడు. "దానికి అక్కడ ఉండటం ఇష్టం లేదు" అన్నాడు.

"బాబాయ్" అన్నాను. దవడ నొప్పికి నోరు సగమే తెరుచుకుంది. "నా వాపు చూడు. ఇన్నాళ్ళూ నువ్వేనా?"

ఆయన నా చెంప వైపు చూడలేకపోయాడు. కౌంటరు పక్క స్టూలు మీద కూర్చుని, ప్యాడిల్‌ని ఒళ్ళో పెట్టుకుని, మెల్లిగా చెప్పాడు. పెదవి కోసింది కప్పు కాదు. పన్ను అరగదీయించుకుందామని ఆ కుర్చీలో పడుకుంటే డాక్టరు చెయ్యి వణికింది. డ్రిల్లు పెదవిని పట్టుకుంది. డాక్టరు మొహం పాలిపోతుంటే, నోట్లో రక్తంతోనే, డ్రిల్లు ముక్కు వదులుగా ఉంది డాక్టరూ, బిగించు అన్నాడట. కుట్లు వేసింది డాక్టరమ్మ. డాక్టరు డ్రిల్లు ముక్కు మార్చి, మర్నాటి నుంచి మళ్ళీ పనిలో దిగబోయారు. బాబాయి అంతకన్నా ముందే వెళ్ళి నాబు పీకేశాడు.

"ఆయనకి చెప్పొచ్చుగా" అన్నాడు మా ఆయన.

"ఏమని చెప్పను? ఆ చెయ్యి తప్ప ఆయనకి ఏం ఉంది?"

"రేపు ఎవరి నాలుకో తెగితే?"

"తెగనివ్వకుండానే కదా అక్కడ కూర్చుంటున్నాను." ప్యాడిల్ ముఖాన్ని అరచేత్తో తుడిచాడు. "ఇంకా కొన్ని చూడాలి అల్లుడుగారూ. పిడి సంగతి తేలలేదు."

మా ఆయన నాబుని ఆయన చేతిలో పెట్టేశాడు. ఆ సాయంత్రమే గోడ మీంచి బోర్డు కూడా తీసేశాడు.

పిడి సంగతి తేల్చడానికి డాక్టరుగారే వచ్చారు. పిడి లావు, పిడి సన్నం అని ఇన్స్పెక్టరు అంటుంటే తనకో ఉపాయం తట్టిందని, సంచిలోంచి రెండు డబ్బాలు తీశారు. పళ్ళ అచ్చు తీసే పుట్టీ. తన చేతి అచ్చు తీసి పిడికి సరిగ్గా అదే ఆకారం చేయిస్తే, ఇక ప్యాడిల్ తిరగడమన్న మాటే ఉండదు. ఆయన అంత హుషారుగా ఉండగా నేను చూసి చాలా కాలమైంది. రెండు ముద్దలూ కలిపి పిసికి, పాత ప్యాడిల్ పిడికి చుట్టి, గట్టిగా పట్టుకున్నారు. గట్టిపడేదాకా పట్టుకునే ఉండాలి.

"కదలకండి" అన్నారు, తన చేతికే, మమ్మల్ని నవ్విస్తూ. కుర్చీలో ఉన్నవాళ్ళకి ఆయన చెప్పే మాటే అది.

మేం నవ్వాం. ఎవరమూ చేతి వైపు చూడలేదు. బాబాయి ఫ్యాన్ వైపు చూస్తూ, దీని గాలి ఎక్కువ, తగ్గించమన్నాడు. మా ఆయన తగ్గించాడు.

గట్టిపడ్డాక డాక్టరుగారు వేళ్ళు విప్పి, అచ్చుని ట్యూబ్‌లైటు కిందికి తీసుకెళ్ళారు. నాక్కూడా కనిపించింది. వేలికి ఒక గాడి పడాలి. ప్రతి వేలికీ రెండేసి అంచులు, మధ్యలో చెరిగిపోయిన గీతలు. నా చిన్నప్పుడు తీగ కట్టడానికి అచ్చు తీసినప్పుడు ఒకసారి ఇలాగే వచ్చింది. అప్పుడాయన ఒక్క చూపు చూసి, నువ్వు కదిలావమ్మా అన్నారు. నేను కదల్లేదని ఏడ్చాను. అచ్చు అబద్ధం చెప్పదమ్మా అన్నారు.

"పుట్టీ పాతది" అన్నాడు బాబాయి.

"పొద్దునే తెరిచాను ఇన్స్పెక్టరూ."

"అయితే కల్తీది."

డాక్టరుగారు డబ్బాల మూతలు పెట్టేశారు. పిడి మీంచి అచ్చుని వలిచి, చేతిరుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నారు. వెళ్తూ నా గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పి వాపు చూశారు. ఆ చెయ్యి నా గడ్డం కింద, ఎగరలేని పిట్టలా, ఆగకుండా కొట్టుకుంటూనే ఉంది. నేను కదలకుండా నిలబడ్డాను.

మర్నాడు బాబాయి వచ్చి, అద్దాల అరలో తాళం వేసి ఉంచే ప్యాడిల్‌ని అడిగాడు. మా దుకాణంలో దాన్ని మించినది లేదు. కార్బన్ ముఖం, మందపాటి గుజ్జు, అతుకు లేకుండా ఒకే ముక్కగా పోసిన పిడి. అది ట్రయల్‌కి ఇవ్వం.

"ట్రయల్ కాదు, కొంటున్నాను" అన్నాడు.

"మామయ్యగారూ, ఇది వెనక్కి తీసుకోవడం కుదరదు" అన్నాడు మా ఆయన.

"తెలుసు."

తట్టలేదు, చెవి దగ్గర పెట్టుకోలేదు, వాసన చూడలేదు. సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. మా ఆయన తలుపు వైపు చూస్తూ, దుకాణం మూసి మనమూ హాలుకి వెళ్దామా అన్నాడు.

మేం వెళ్ళేసరికి ఆట మొదలైంది. అవతల లెక్చరరూ, తోడల్లుడూ. డాక్టరుగారి చేతిలో కొత్త ప్యాడిల్. నెట్టు దగ్గర ఆయన దించిన మొదటి బంతి రొమ్ము ఎత్తుకి లేచింది. బాదడానికి ఇంతకన్నా మంచి బంతి ఎవరికీ దొరకదు. లెక్చరరు దాన్ని మెత్తగా తిరిగిచ్చాడు. మళ్ళీ లేచింది. తోడల్లుడూ మెత్తగానే ఇచ్చాడు. అలా కాసేపు, నలుగురు పెద్దమనుషులు పెళ్ళిలో చివరి లడ్డూ ఒకరికొకరు జరుపుకున్నట్టు సాగింది. డాక్టరుగారు బంతిని చేత్తో పట్టుకుని ఆట ఆపేశారు.

"ఎందుకు కొట్టలేదు?"

లెక్చరరు నేల చూశాడు. "బంతి తడిగా ఉంది సార్. జారింది."

కప్పున్న హాలు అది. తడి ఎక్కణ్ణుంచి వస్తుంది? మా బాబాయి జబ్బు ఊరందరికీ అంటుకుందని నాకు అప్పుడు తెలిసింది.

డాక్టరుగారు వెనక్కి తిరిగి ప్యాడిల్ చాచారు. "ఇన్స్పెక్టరూ, దీన్ని చూడు. ఏం లోపం?"

బాబాయి వచ్చి తీసుకున్నాడు. అందరం చూస్తున్నాం. కణుపుతో ముఖం మీద తట్టి విన్నాడు. అంచు వెంబడి బొటనవేలు నడిపాడు, ఒక చుట్టు తిరిగొచ్చాక మళ్ళీ నడిపాడు. పిడి వాసన చూశాడు. దీపం కిందికి తీసుకెళ్ళి ఏటవాలుగా పట్టుకుని చూశాడు. ఆయన అంతసేపు ఏ వస్తువునీ చూడటం నేనెరగను. ఏదో ఒకటి దొరకాలని నేను మొక్కుకుంటున్నాను, చిన్న గీతైనా చాలు. మా ఆయన కూడా, తాను అమ్మిన సరుకులో లోపం దొరకాలని మెడ చాచి చూస్తున్నాడు.

"చెప్పు."

"దీంట్లో లోపం లేదు డాక్టరూ."

"సరిగ్గా చూశావా?"

"అన్నీ విప్పి చూశాను. బరువు చూశాను, గుజ్జు చూశాను, పిడి చూశాను." బాబాయి ప్యాడిల్‌ని కిందికి దించాడు. "ఇంక విప్పడానికేం మిగల్లేదు."

లెక్చరరూ, తోడల్లుడూ నీళ్ళ సీసాల కోసమని హాలు చివరికి వెళ్ళిపోయారు. డాక్టరుగారు బల్ల మీద కూర్చున్నారు. పక్కనున్న సంచిలోంచి చేతిరుమాలు మూట తీసి, విప్పి, అచ్చుని మోకాలి మీద పెట్టుకున్నారు.

"ఇది చూసినప్పుడే తెలిసింది. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నాను."

బాబాయి వచ్చి పక్కన కూర్చుని, ప్యాడిల్‌ని బల్లకి ఆనించాడు.

"అసలు నీ పెదవి తెగినప్పుడే అనుమానం వచ్చింది. డ్రిల్లు ముక్కు వదులైతే తిరగనే తిరగదు. ఆ సంగతి నాకు తెలియదనుకున్నావా?"

"మరి ఊరుకున్నావేం?"

"నోట్లో రక్తం పెట్టుకుని అంత కష్టపడి చెబుతుంటే, కాదని ఎలా అనను?"

బాబాయి జేబులో చెయ్యి పెట్టి, నాబు తీసి, బల్ల మీద ఇద్దరి మధ్యా పెట్టాడు. డాక్టరుగారు దాన్ని చూసి తల పట్టుకున్నారు.

"ఇది నీ దగ్గరుందా? నిన్న ఫోన్లో మెకానిక్కుని చెడామడా తిట్టాను కదయ్యా."

"పాపం, మెకానిక్కుది తప్పు కాదు."

"తెలుసు. నాబుది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నవ్వారు. డాక్టరుగారి కుడిచెయ్యి మోకాలి మీద అచ్చు పక్కన వణుకుతూనే ఉంది. ఆయన దాన్ని దాచుకోలేదు. కాసేపటికి ప్యాడిల్‌ని ఎడమచేతిలోకి తీసుకుని గాల్లో రెండుసార్లు దించి చూశారు. అది నిలకడగానే ఉంది, కానీ ఆట రాని మా బాబాయి ఆడినంత అధ్వాన్నంగా ఉంది.

బాబాయి శ్రద్ధగా చూశాడు. "అల్లుడుగారూ, ఎడమచేతి ప్యాడిళ్ళు ఉన్నాయా?"

"ప్యాడిల్‌కి కుడీ ఎడమా ఉండవు మామయ్యగారూ. ఏ చేతికైనా అదే."

"చూశావా డాక్టరూ" అన్నాడు బాబాయి. "అదీ దీని లోపం."

డాక్టరుగారు లేచి, అచ్చుని మళ్ళీ రుమాల్లో చుట్టారు. నా దగ్గరికొచ్చి, ఈసారి ఎడమచేత్తో నా గడ్డం ఎత్తి వాపు చూశారు.

"అమ్మాయ్, రేపు పొద్దున ఖాళీ కడుపుతో రాకు, ఏదైనా తిని రా. నీ పన్ను డాక్టరమ్మ చేస్తుంది, నేను నీ పక్కన స్టూలు మీద కూర్చుంటాను. ఇకనుంచి నా క్లినిక్ ఆమెది."